గంజి పోగు

తంబూరా పలకలేదు. నాలుగు తీగలూ శ్రుతిలోనే ఉన్నాయి, మీటితే మాత్రం టక్కు, టక్కు.

ఆదోనిలో ముప్పై ఎనిమిదేళ్లుగా తంబూరాలు చేస్తున్నాను. ఇదేం ఖర్మ? మామూలుగా అయితే చెక్కను తిట్టేవాణ్ణి, తీగను తిట్టేవాణ్ణి, అడ్డమొచ్చిన పిల్లిని కూడా వదిలేవాణ్ణి కాదు. ఆ రోజు తిట్టడానికీ లేదు. ఎదురుగా కృష్ణవేణి టీచరమ్మ కూర్చుని ఉంది.

మంత్రాలయం దగ్గర బడిలో పాఠాలు చెబుతుంది. గొంతుకు ఆపరేషనై రెండేళ్లు పాట జోలికి పోలేదు. మర్నాడు వాళ్ల ఊరి గుడిలో మళ్లీ పాడాలి. మారిన గొంతుకు తగ్గట్టు తక్కువ శ్రుతిలో ఈ తంబూరా చేయించుకుంది. నాలుగింటికి బస్సు.

"ఇది తోడు లేకుంటే నా గొంతు నిలబడదన్నా. పాడనని ఫోన్ చేసి చెప్పేస్తాలే," అంది. ఆ 'లే' విని నా ప్రాణం ఉసూరుమంది.

తీగలు ఆనే చిన్న కొయ్యపలకను మేం గుర్రం అంటాం. దాన్ని ఇంకాస్త అరగదీద్దామని ఆకురాయి తీశాను. ఒక్క రుద్దు ఎక్కువైతే గుర్రం పాడవుతుంది. కొత్తది చేయాలంటే నాలుగు రోజులు.

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నుంచి మా అక్క పద్మమ్మ క్యారియర్‌తో దిగింది. మగ్గానికి సెలవు దొరికితే నాకు జొన్నరొట్టె తెస్తుంది.

"రేయ్ కుమారా, ఏం సేస్తాండావు? మొగం అట్లుండాదేమి?"

"నీకేం తెలుస్తాదక్కా దీని సంగతి? రొట్టె ఆడ పెట్టి కూసో."

ఆమె కూర్చోలేదు. తీగకూ గుర్రానికీ మధ్య పెట్టిన నూలుపోగును రెండు వేళ్లతో నలిపింది. ఆ పోగు కుదిరితేనే తీగ జుమ్మంటుంది.

"ఇది యాడిది?"

"మీ ఇంట్లో పడుగుదే. గట్టి పోగని మొన్న తెచ్చుకుంటి."

"గట్టిదే, గంజి తాగింది గదా! మగ్గానికి గంజి పోగు కావాల, దీనికెందుకురా? నేతోళ్ల ఇంట్లో పుట్టినోనివి, సిగ్గు లేదూ?"

నిజంగానే సిగ్గుతో చచ్చాను. పోగు సంగతి నాకొకరు చెప్పాలా అన్న పొగరు నాది.

అక్క తన పాత చీర కొంగులోంచి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పోగొకటి లాగి ఇచ్చింది. నాలుగు ముక్కలు చేసి తీగల కింద సర్దాను. మీటాను. కొట్టంతా జుమ్మంది. టీచరమ్మ కళ్లు మూసుకుని గొంతు కలిపింది. మొదట వణికింది, తర్వాత నిలబడింది. పాట అయ్యేసరికి నాకు ఏడుపాగలేదు.

ఆమె లేచి దండం పెట్టబోతే, "నాకు కాదు టీచరమ్మా, మా అక్కకు పెట్టు," అన్నాను. ఇంక నోరు ఆగలేదు. "నాకు ఇరవై ఏండ్లప్పుడు మగ్గం ఇడిసిపెట్టి ఈడికి పారిపోయొచ్చినా. మా నాయిన లాక్కపోదామని బయల్దేరితే, వాని మగ్గం నేను నేస్తా, వాణ్ణి ఇడిసిపెట్టమని ఈమె మగ్గం కాడ కూసున్నాది. ఆ పొద్దు కూసున్నామె ఇంగా లేయలేదు." అక్క వైపు తిరిగాను. "నేను సేసినేవన్నీ నీ పుణ్యమేనక్కా. ఇన్నేండ్లూ సెప్పలేకపోతి."

అక్క తంబూరా వైపు చూసింది.

"సెప్పకపోతే నాకు తెలీదా? అది కాదురా. నువ్వు సేసింది ఒక్కటన్నా నా సేతికిస్తావేమోనని సూస్తాంటి. నాకూ ఒకసారి మీటాలనుండాది."

ముప్పై ఎనిమిదేళ్లు. ఒక్కసారీ నాకు తట్టలేదు.

"బస్సు పోతే ఇంకోటి వస్తుంది," అంటూ టీచరమ్మ తంబూరాను అక్క ఒళ్లో పెట్టింది. నేను పక్కన చతికిలబడి, అక్క వేలు పట్టుకుని మొదటి తీగ మీద పెట్టాను.