ద్రాక్షతోట ఉమ్మిగిన్నె

నేను ఒక ఇత్తడి ఉమ్మిగిన్నెను. అప్పుడే ముక్కు మూసుకోకండి, నన్ను చేసిన పెంబర్తి పనివాడు పూలకుండీ అనుకునే చేశాడు. కొన్నది పెంటారెడ్డి. మేడ్చల్ పక్కన ఆరెకరాల ద్రాక్షతోట కౌలుకు పట్టి, అక్కడే వైన్ చేసేవాడు. రుచి చూసే గదిలో, బల్ల మీద నా చోటు.

ఆ గదికో పద్ధతి ఉంది. అత్తరు పూసుకుని రాకూడదు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి. వాసన చూసి, ఒక్క గుక్క నోట్లో తిప్పి, నాలో ఉమ్మాలి. అది అవమానం కాదు. నాలుగు రకాలు చూసేవాడికి తల తిరగకూడదు కదా! నాసిక్‌లో వైన్ పని నేర్చుకొచ్చిన కూతురు అలివేలు ఇవన్నీ ఓపిగ్గా చెప్పేది. వచ్చినవాళ్లు వింటేగా? గటగటా తాగేసి "ఇంకో పెగ్గు పొయ్యమ్మా" అనేవారు. నేను ఖాళీగా మెరుస్తూ కూర్చునేదాన్ని.

మూడేళ్ల కష్టం పీపాలో పండాక హోటళ్ల యజమాని ఒకాయన వచ్చాడు. ఆయన సరుకు తీసుకుంటేనే కౌలు నిలుస్తుంది, లేదంటే భూమి గలాయన ప్లాట్లు కొట్టేస్తాడు. మహానుభావుడు దవడలో జర్దా కిళ్లీతోనే దిగాడు. రాగానే నాలో ఎర్రగా తుపుక్కున ఉమ్మి, గ్లాసు కోసం చెయ్యి చాచాడు.

అలివేలు నీళ్లు అందుకోబోతే తండ్రి ఆపాడు.

"నాయినా, నోరు పుక్కిలించకుంటే రుచెట్ల తెలుస్తది?" అంది గుసగుసగా.

"పెద్దమనిషిని నోరు కడుక్కోమంటమా బిడ్డా? ఇజ్జత్ పోతది. ఊకో."

ఆయన గుక్క పట్టాడు, మొహం చిట్లించాడు, ఉమ్మాడు. "చేదున్నది రెడ్డీ" అని, మిగిలింది నాలో వంచి లేచిపోయాడు. చేదు జర్దాది. రెండూ పడ్డ నాకు తెలియదా? ఇంత నోరు తెరుచుకుని కూర్చుని ఒక్క మాట చెప్పలేకపోయాను, నా నోట మన్ను పడ!

ఆ ఎండాకాలమే తీగలు పీకేశారు. అలివేలు తండ్రితో మాట్లాడకుండానే నాసిక్ వెళ్లిపోయింది. ఇప్పుడు నేను అదే నేల మీద, ప్లాట్ల ఆఫీసు గడప పక్కన, కిళ్లీ ఉమ్ములతో నిండి ఉన్నాను. పెంటారెడ్డి అక్కడే వాచ్‌మన్. ఎవరొచ్చినా నీళ్ల చెంబుతో ఎదురెళ్తాడు.

"సారూ, ముందుగాల నోరు పుక్కిలించున్రి."

"ప్లాటు చూసెతందుకు నోరెందుకు కడగాలె?" అని వాళ్లు నవ్వుతారు.

ఆయన నవ్వడు. చెంబు చాచి అట్లాగే నిలబడతాడు.