బల్ల కింద మేకులు

కొలబద్ద చేసిన అన్యాయం వడ్రంగి ఒంట్లో పేడులా దిగి తొమ్మిదేళ్లయింది, ఇంకా సలుపుతూనే ఉంది. కొలబద్ద అంటే సొంత అన్నే. ఏది కనబడినా కొలవందే వదలడని వాళ్ల నాన్న పెట్టిన పేరది. తమ్ముడు కాలు విరిగి ఆసుపత్రిలో పడుంటే, నాన్న ఇద్దరికీ ఇచ్చిపోయిన కార్ఖానాకి అడ్డంగా గోడ లేపేశాడు. వీధి వైపు తనకి, చీకటి వైపు తమ్ముడికి. అదేమంటే, కాగితం మీద సంతకం నీదేగా అన్నాడు. నొప్పి మందుల మత్తులో పెట్టిన సంతకం అది.

అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు కొలబద్దకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఆదివారం చక్రాల కుర్చీలో చర్చికి వచ్చి రొట్టె తీసుకుంటాడనీ, అతనికి అందేలా రొట్టె పంచే ప్రభువు బల్ల కాళ్లు జానెడు కొయ్యాలనీ పాస్టరుగారు వడ్రంగికి కబురు పెట్టారు.

వడ్రంగికి ఒళ్లు మండిపోయింది. ఆ బల్ల తన చేత్తో చేసింది. పద్నాలుగేళ్లుగా దానికి పాలిష్ పెట్టేది తను, కుంటి బెంచీలు నిలబెట్టేది తను, అదీ చిల్లిగవ్వ పుచ్చుకోకుండా. నెలనెలా నోట్లో పడే ఆ రొట్టెముక్క తన రెక్కల కష్టమేనని అతని లోపలి లెక్క. వాడొస్తే తను రానని, మళ్లీ ఆ గడపే తొక్కనని భార్యతో తేల్చేశాడు.

ఆవిడ బట్టలు మడతపెడుతూ, "బల్ల నువ్వు చేశావు సరే. రొట్టె కూడా నువ్వే కాల్చావా?" అంది.

అయినా శనివారం మధ్యాహ్నం రంపం పట్టుకుని వెళ్లక తప్పలేదు. ఇంకొకడు ఆ బల్ల ముట్టుకుంటే గుట్టు బయటపడుతుంది. అప్పట్లో బల్ల కోసం ఎవరో దానమిచ్చిన మంచి కర్రలో ఒక ముక్క కూతురి ఉయ్యాలకి వాడుకున్నాడు. వెనక ఎడమ కాలికి పాత ద్వారబంధం చెక్క తగిలించి, బెజ్జాల్లో రంపపు పొట్టూ జిగురూ కూరి, పైన రంగు పూశాడు. ఏటా పాలిష్ పెట్టింది భక్తితో కాదు, భయంతో. అదీ పైపైనే. ఆ కాలు లోపలివైపు చూసే ధైర్యం ఒక్కనాడూ చెయ్యలేదు.

పాస్టరుగారు ఒక పక్క పట్టుకుంటే బల్ల తిరగేశాడు. కాలు నిలువునా చీలి, పాత ద్వారబంధం బెజ్జాలు బయటపడి ఉన్నాయి. ఆ చీలికకో బద్ద ఆనించి ఎవరో ఆరు మేకులు కొట్టారు. ఆరూ ఆరు వంకర్లు. వడ్రంగం తెలిసినవాడెవడూ అలా కొట్టడు.

"నేనే కొట్టాను," అన్నారు పాస్టరుగారు. "ఏడేళ్లయింది. బొటనవేలి గోరు కూడా ఊడింది."

అంటే ఈ ఏడేళ్లూ తన దొంగతనం తెలిసే, ఆ బల్ల మీంచే రొట్టె తీసి తన చేతిలో పెట్టాడీయన. వడ్రంగి రంపం పక్కన పెట్టి నేల మీద కూలబడ్డాడు. సిగ్గు కన్నా ముందు అలసటొచ్చింది, పద్నాలుగేళ్ల అలసట.

"ఒక్క మాట చెప్పాల్సింది, అయ్యగారూ. కొత్త కాలు చేసిచ్చేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు. చేసిచ్చేసి, సరికి సరి అయిపోయిందనుకునేవాడివి. కృప అంటే అది కాదయ్యా. ఇప్పుడైనా కాలు మారిస్తే మార్చు, లేకపోతే మానెయ్. రొట్టె రేపు ఎటూ ఉంటుంది. నీకూ, మీ అన్నకీ."

వడ్రంగి మళ్లీ రంపం అందుకున్నాడు. నాలుగు కాళ్లూ జానెడు కోసి, పొట్టు ఊడ్చి, ఇంటికి పోయాడు.

ఆదివారం వెళ్లాడు. ఎందుకెళ్లాడో అడిగితే చెప్పలేడు. రొట్టె వేళకి కొలబద్ద కుర్చీ బల్ల ముందు సరిగ్గా అతని పక్కనే ఆపారు. బల్ల మీద పళ్లెం ఉంది. కొలబద్ద ఎడం చెయ్యి వణికి రొట్టెముక్క ఒళ్లో పడింది. తియ్యబోతే ఇంకా కిందికి జారింది. ఒకప్పుడు నూలు పోగంత తేడా పట్టేసిన చెయ్యి అది.

వడ్రంగి కాసేపు చూశాడు. తర్వాత ఆ ముక్క తీసి అన్న నోట్లో పెట్టాడు. కొలబద్ద నమిలి మింగాడు. గోడ గురించి ఒక్క మాట అంటాడేమోనని వడ్రంగి ఎదురు చూశాడు, అబద్ధమెందుకు. అనలేదు. మూతి తుడవమన్నట్టు మొహం ముందుకు పెట్టాడంతే. తుడిచాడు.

ఆ తర్వాత తన ముక్క తీసుకున్నాడు. దానికి తనేం చేశాడని వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. అయినా తిన్నాడు.

గోడ కదల్లేదు. పోయిన జాగా పోయినట్టే ఉంది: వీధి వైపు పదహారు అడుగుల వెడల్పు, నలభై అడుగుల లోతు.