ఏడు ఫోన్లు, ఒక వదిన

ఆ పని రెండు నిమిషాలది. నేను చెయ్యలేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు.

మా భవనంలో ఆరు ఇళ్లకూ ఇంటర్నెట్ పెట్టెలు బిగించింది ఒకే మనిషి. ఆరింటికీ ఒకే పాస్‌వర్డ్: ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. లోపలి సెట్టింగులకూ అదే. ఫోన్ల కొట్టు నడిపే మా చెల్లి మూడుసార్లు మొత్తుకుంది.

"అక్కా, అది మార్చవే. కింది ఇంట్లో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఉంటున్నాడు."

"జీతాలు మింగేవాడికి నా నెట్ ఓ లెక్కా? పోవే, నాకు బోలెడు పనులున్నాయి."

"అవున్లే, లోకాన్ని మార్చేదానికి పాస్‌వర్డ్ మార్చే తీరికెక్కడిది!"

నవ్వేశాను.

ఆ ఆదివారం, అతనుండే బట్టల ఫ్యాక్టరీలోనే పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్లు మా ఇంట్లో కూర్చున్నారు, సంఘం పెట్టాలని. నన్ను అక్కడి నుంచి ఏడాది కిందే గెంటేశారు. నాకు పోయేదేమీ లేదు. వాళ్లకుంది. సోమవారం పొద్దున ఏడుగురిని గేటు దగ్గరే ఆపేశారు. లోపలికి వెళ్లింది కాజాలు కుట్టే వదిన ఒక్కతే.

ఇంకేం ఆధారం కావాలి? సాయంత్రం షిఫ్టు వదిలే వేళ, గేటు ముందు, అందరూ చూస్తుండగా ఆమెను నిలేశాను.

"ఏడుగురి కడుపు కొట్టి లోపల కాజాలెలా కుట్టావు వదినా? చెయ్యి వణకలేదూ?"

ఆమె నోరు తెరవబోయింది. నేను తెరవనివ్వలేదు. నోరున్నదాన్ని కదా! మర్నాటి నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

బుధవారం చెల్లి వచ్చి, అడక్కుండానే నా ఫోన్ లాక్కుని పెట్టె సెట్టింగులు తెరిచింది. అందులో మా నెట్ వాడుకున్న ఫోన్ల చిట్టా ఉంది. అందరూ చెల్లి కొట్టులో కొన్నవాళ్లే. కలిసిపోకుండా ప్రతి ఫోన్‌లోనూ మనిషి పేరు పెట్టి ఇవ్వడం దానికి అలవాటు. ఇస్త్రీ అక్క, కాలర్ల పిన్ని, పొట్టమ్మ... ఏడుగురూ వరసగా ఉన్నారు. వాళ్ల కింద 'కింది బాబాయి'. సూపర్‌వైజర్.

"వదిన పేరు లేదేం?" అన్నాను.

"ఆవిడది మీటలు నొక్కే పాత ఫోన్ కదే. దానికి నెట్టెక్కడిది? బాబాయి అదే పాస్‌వర్డ్‌తో ఈ చిట్టా చూసి పేర్లు రాసుకుపోయాడు. చిట్టాలో లేనావిడ బతికిపోయింది. నువ్వు బతకనివ్వలేదు."

ఫోన్ నా చేతిలో పెట్టింది. పాస్‌వర్డ్ మార్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వదిన ఇంటికి పరిగెత్తాను. తలుపు సగమే తీసింది. పెట్టె నాది, తప్పు నాది, నోరు నాది అని అంతా చెప్పుకున్నాను.

"అయిందా?" అంది. "గేటు దగ్గర తిట్టి గుమ్మంలో చెప్తావేం? నా గుమ్మం నన్నేమీ అనలేదమ్మా."

తలుపు వేసేసింది.

గురువారం ఆ ఏడుగురినీ పిలిచి, షిఫ్టు వదిలే వేళకు అదే గేటు ముందు నిలబడ్డాను. ఉపన్యాసం రాలేదు.

"వదిన ఎవరికీ చెప్పలేదు. మీ పేర్లు నా ఇంట్లోంచే పోయాయి. చెల్లి మూడుసార్లు చెప్పినా నేను పాస్‌వర్డ్ మార్చలేదు."

"మరి మా ఉద్యోగాలు?" అంది కాలర్ల పిన్ని.



వదిన గేటు దాటి వచ్చింది. నా వంక చూడలేదు. పిన్ని పక్కన నిలబడి గొంతు తగ్గించి, "ఆదివారం మా ఇంట్లో కూర్చుందాం. మా ఇంట్లో ఆ పెట్టె లేదు" అంది.

ఆ 'కూర్చుందాం'లో నేనున్నానో లేదో తెలియదు. వెళ్తాను. రమ్మనేదాకా గుమ్మం బయటే కూర్చుంటాను.