సువార్త గారి గదిలో రెండో కుర్చీ

నేను ఒక పేము కుర్చీని. రాజమండ్రిలో ఒక ముసలాయన నన్ను మూడు రోజులు అల్లి, తను ఒక్కసారైనా కూర్చోకుండానే అమ్మేశాడు. కొన్నాళ్లు ఒక పళ్ల డాక్టరు వరండాలో ఉన్నాను. అక్కడ నాలో కూర్చున్నవాళ్లంతా ఎప్పుడు లేచిపోదామా అని చూసేవాళ్లే. ఆయన ఊరు మారుతూ నన్ను, మనుషుల మనసులోని బాధలు వినే కౌన్సిలర్ సువార్త గారికి ఇచ్చేశాడు.

కాకినాడలో మందుల షాపు పైన ఆవిడ గది. నన్ను తన కుర్చీకి ఎదురుగా కాకుండా కాస్త కిటికీ వైపు తిప్పి వేశారు. "ఎదురెదురుగా కూర్చోబెడితే పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది" అన్నారు, గది ఊడ్చే మనిషితో.

అందరూ సలహా కోసం వచ్చేవారు. ఆవిడ ఇచ్చేవారు కాదు. ఒక మాట అడిగి ఊరుకునేవారు. ఆ మౌనం భరించలేక మనుషులు ముందు ఎండ గురించి, తర్వాత బస్సుల గురించి, చివరికి అసలు సంగతి చెప్పేవారు. ఒకరు వెళ్లాక ఆవిడ తలుపు వేసుకుని, ముఖం కడుక్కుని, పది నిమిషాలు కిటికీ దగ్గర నిలబడేవారు. అప్పుడు ఎవరినీ రానిచ్చేవారు కాదు. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఆపేసేవారు.

ఒక వానాకాలం వీర్రాజు అనే బోటు మెకానిక్ వచ్చాడు. అతని తమ్ముడు సముద్రంలో పోయాడు. మూడు బుధవారాలు నా చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడే తప్ప పెదవి విప్పలేదు. నాలుగో వారం, "ఆ రోజు ఆడు ఎల్లనన్నాడండి. నేనే పంపేనండి" అన్నాడు.

మీ తప్పు కాదని ఆవిడ అనలేదు. "ఇన్నాళ్లూ దీన్ని మీరొక్కరే మోశారన్నమాట" అన్నారు. అతను చాలాసేపు ఏడ్చాడు.

ఐదో బుధవారం రాలేదు. ఫోన్ పలకలేదు. అవసరానికని అతను రాసిచ్చిన బావమరిది నంబరుకు చేస్తే, తనకూ తెలియదన్నాడు.

అప్పట్నుంచి ఆవిడ ఆరు దాటినా ఫోన్ ఆపలేదు. కిటికీ దగ్గర పది నిమిషాలు పోయాయి, మధ్యాహ్నం భోజనమూ పోయింది. ఒకరి వెనుక ఒకరిని పిలిచేవారు. ఎవరు కూర్చున్నా ఆవిడ వీర్రాజునే చూస్తున్నట్టు ఉండేది. ఒకరోజు నాలో కూర్చున్న అమ్మాయి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. సువార్త గారి చూపు ఆ అమ్మాయి మీదే ఉంది, మనసు లేదు.

"క్షమించమ్మా. నువ్వు చెప్పింది నేను వినలేకపోయాను. తప్పు నాది" అన్నారు.

ఆ అమ్మాయి వెళ్లాక వచ్చి నాలో కూర్చున్నారు. ఆరేళ్లలో అదే మొదటిసారి. ఆవిడ ఇంత తేలికని నాకు తెలియదు. తనకు పాఠాలు చెప్పిన కమలకుమారి గారికి ఫోన్ చేసి, "మేడం, ఈసారి నేను చెప్పుకోవాలండి" అని మాత్రం అనగలిగారు.

తర్వాత పదిహేను రోజులు గదికి తాళం. నాకు తోడు ఆవిడ ఖాళీ కుర్చీ. మా ఇద్దరికీ మాట్లాడే అలవాటు లేదు.

ఆవిడతో పాటు ఆ పది నిమిషాలూ తిరిగి వచ్చాయి. శనివారాలు మేడం దగ్గరికి వెళ్లేవారు.

చలికాలం చివర వీర్రాజు గుమ్మంలో నిలబడ్డాడు. పారాదీప్‌లో బోట్ల పనికి పోయాడట. "సెప్పకుండా ఎల్లిపోయేనండి. మీకు మొకం సూపించలేకపోయేను."

"కూర్చోండి" అన్నారు ఆవిడ.

గంట అయ్యాక లేస్తూ, "మీరెలా ఉన్నారండి?" అన్నాడు. అంతవరకు నాలో కూర్చున్నవాళ్లెవరూ ఆవిడను ఆ మాట అడగలేదు.

"మధ్యలో బాగోలేదు, వీర్రాజు గారూ. ఇప్పుడు నయం."

వేసవికి అతనూ రావడం మానేశాడు. బాగుపడినవాళ్లు మళ్లీ రారు. దానికి సంతోషించాలని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. నా అల్లిక తెగాక నన్ను మెట్ల మలుపులో పెట్టారు. లోపలి గొంతులు వినిపిస్తాయి, మాటలు తెలియవు. పైకి వచ్చేవాళ్లు ఒక్కోసారి నా మీద చెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుని, తలుపు తడతారు. తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. నేను బయట ఉంటాను.