ఫిడేలు: మాస్టర్ గోపాల్

దశరథం ఫిడేలు వాయించిన రికార్డు ఒకటుందంటే సూరత్‌లో, తెలుగు నేతగాళ్లుండే వడోద్ గల్లీలో ఒక్కరూ నమ్మలేదు. ఎట్లా నమ్ముతారు? కూతురు భాగీరథి సిరిసిల్ల నుంచి కాపురానికి తెచ్చుకున్న ఆ నల్లటి పళ్లెం మీద స్వరాజ్యం అనే గాయని పేరుంది. కింద చిన్న అక్షరాల్లో "ఫిడేలు: మాస్టర్ గోపాల్" అని ఉంది. అప్పటికే వేరే కంపెనీకి సంతకం పెట్టి ఉన్నాను, అందుకే పేరు మార్చారు అని దశరథం వెయ్యిసార్లు చెప్పాడు. భాగీరథి అత్త పోశమ్మ మూతి మూడు వంకర్లు తిప్పేది. "మగ్గం నేసేటోనికి ఫిడేలేందే? మీ నాయన కోతలకు అంతే లేదు" అనేది. వినిపించి నోరు మూయిద్దామంటే ఇంట్లో గ్రామఫోను ఏది? లేబుల్ చదివి తీర్పు చెప్పేశారు. పిల్లల ఆటలో ఆ పళ్లెం కాస్తా పగిలాక తీర్పే మిగిలింది.

అత్త మాటలను భాగీరథి లెక్కచేసేది కాదు. కానీ ఒకసారి చూడవచ్చిన తండ్రి మళ్లీ అదే కథ ఎత్తుకునేసరికి తనే విసిగిపోయి, "ఇగ చాలు నాయనా, నలుగుర్ల నవ్వులపాలైతున్న" అనేసింది. తర్వాత బతికిన మూడేళ్లూ దశరథం ఫిడేలు ఊసెత్తలేదు. ఇరవై ఏళ్లుగా ఆమెను లోలోపల తినేస్తున్నది అదే. నాయన చెప్పింది నిజమే అయితే తను చేసింది చిన్న తప్పు కాదు.

కరోనా వచ్చింది, బట్టల కార్ఖానాలో సాంచెలు, అదే మరమగ్గాలు, ఆగిపోయాయి. కొడుకు సుమన్ ఇంట్లో కూర్చుంటే, భాగీరథి సకినాలు, సర్వపిండి చేసి అమ్మడం మొదలుపెట్టింది. కొనేవాళ్లలో విజేత ఒకతె. ఆంధ్ర వైపు అమ్మాయి, కంప్యూటర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. పాత రికార్డుల మీద మారుపేర్లతో ఉన్నవాళ్లెవరో వెతికి పట్టుకోవడం ఆమెకు పిచ్చి. గేటు దగ్గర మాస్కుతో నిలబడి ఆ సంగతి చెప్పగానే, భాగీరథి మాస్టర్ గోపాల్ కథంతా చెప్పేసింది.

"స్వరాజ్యంగారి రికార్డులు నా దగ్గర నాలుగున్నాయి ఆంటీ. మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. కడిగి వింటాను" అంది విజేత.

మూడో రోజు పొద్దున సుమన్ ఫోనుకు, మాస్టర్ గోపాల్ పేరున్న రికార్డులోంచి పాట వచ్చింది. భాగీరథి పొయ్యి ఆపి ఫోను చెవికి ఆనించుకుంది. ముందు గరగర, తర్వాత స్వరాజ్యం గొంతు, దాని వెనకే ఫిడేలు. పక్కవాద్యం బాగా పలికితే మెచ్చుకోకుండా ఉండలేరు కదా కచేరీ మనుషులు! కంపెనీవాళ్లు పెట్టిన పేరు ఆ క్షణాన ఆవిడకు ఎక్కడ గుర్తుంటుంది?

"భేష్, దశరథం" అంది స్వరాజ్యం.

భాగీరథి వంటింట్లో అట్లాగే చతికిలబడి, ఏడ్చింది. మళ్లీ విన్నది, మళ్లీ ఏడ్చింది. సుమన్ కూడా విని, "తాత పేరే గదనే అమ్మా" అన్నాడు. అప్పుడు విజేతకు ఫోను కలిపించుకుంది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా. మా నాయనను మల్ల నాకిచ్చినవ్."

"నాదేముంది ఆంటీ, స్వరాజ్యంగారి మెచ్చుకునే అలవాటు మనల్ని కాపాడింది. నా రికార్డుల జాబితాలో పేరు మారుస్తున్నాను. ఆయన గురించి ఇంకేం రాయమంటారు?"

"సిరిసిల్ల దశరథం, మగ్గం నేసేటోడు అని రాయి. కన్నబిడ్డే నమ్మలేదని గూడ రాయి."

"అది మాత్రం రాయను."

భాగీరథి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గట్లైతే, భాగీరథి వాళ్ల నాయన అని రాయి."