జవాబు రేపు ఆరింటికి

పొద్దున్న ఆరయ్యేసరికి స్టెల్లా బియ్యం కడుగుతోంది. తడిచెయ్యి చీరకి తుడుచుకుని, గట్టు మీదున్న ఫోను అందుకుని, ఆవేళ్టి వాక్యాన్ని జనం మీదికి వదిలింది.

"ఇంట్లో అందరినీ పేరుపేరునా పిలిచి అన్నం పెట్టింది కావేరి. చివర్న తనని పిలిచేవాళ్ళు లేక, ఆకలిగా లేదనుకుంది."

ఎవరు రాసేరు? ఐదు అవకాశాలు. జవాబు రేపు ఆరింటికి.

కావేరి ఒక టీవీ సీరియల్లో కోడలు. ఆవిడ సంచి పట్టుకుని బస్టాండులో నిలబడి ఉండగా, మూడేళ్ళ కిందట ఛానలువాళ్ళు సీరియల్ని చెప్పాపెట్టకుండా ఆపేశారు. ఆ కడుపుమంటతో చూసేవాళ్ళే కథ అందుకున్నారు. ఒకరు కావేరిని కలెక్టర్ని చేశారు, ఇంకొకరు మొగుడితో కాళ్ళు పట్టించారు. ఫ్యాన్ ఫిక్షన్ అనే పేరుతో కథల యాప్‌లో అలాంటివి వందల్లో ఉన్నాయి. స్టెల్లా అన్నీ చదివింది. ముక్తేశ్వరం నుంచి అమలాపురానికి బస్సులో, ఇరవై నాలుగేళ్ళుగా వెళ్ళే దారే కాబట్టి, కిటికీలోంచి చూడ్డానికి ఆమెకి కొత్తగా ఏమీ లేదు.

చదివేకొద్దీ ఒళ్ళు మండేది. యాప్ ఎప్పుడు తెరిచినా ఆ నలుగురైదుగురు పెద్ద రచయిత్రులే పైన ఉంటారు. వెన్నెలధార తుమ్మినా వెయ్యి లైకులు. అడుగున పడ్డవాళ్ళలో బంగారంలాంటివాళ్ళున్నారు, దిగి చూసే దిక్కు లేదు. పేరు చూసి చదివే ఈ జనం ముందు పేరు దాచేసి వాక్యం పెడితే ఏం చేస్తారో చూద్దామనే ఈ ఆట పుట్టింది. ఎనిమిది నెలలు వీడియోలు చూసి నేర్చుకుని, తను పనిచేసే టైపింగ్ సెంటర్లో భోజనం వేళ ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో మౌసు పట్టుకుని, తనే తయారుచేసింది. ఇప్పుడు రోజుకి రెండువేల మంది పైచిలుకు ఆడుతున్నారు. వాళ్ళకి ఆమె పేరు తెలీదు. అడ్మిన్‌గారూ అంటారు.

ఆట మాత్రం ఆమె బుర్రలో పుట్టింది కాదు. చిన్నప్పుడు సండేస్కూల్లో సాల్మన్ మాస్టారు బైబిల్లోంచి ఒక మాట చదివి, ఎవరు ఎవరితో అన్నారని అడిగేవారు. తెలీకపోతే జవాబు మళ్ళీ ఆదివారానికే. బతిమాలినా, ఏడ్చినా చెప్పేవారు కాదు. "చెప్పేస్తే పుస్తకం మూసేస్తారు. వెతుక్కుంటే నాలుగు పేజీలన్నా చదువుతారు" అనేవారు. స్టెల్లా ఆ నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా తెచ్చుకుంది. నాలుగువందల రోజులుగా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆవేళ్టి వాక్యం నల్లంచుది. యాప్‌లో నల్లంచు అంటే బండారులంకలో చీరలు నేసిన తులసి. రెండు కిడ్నీలూ పోయాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఎడమచేతి నరం కోసి కలిపాక, ఇక మగ్గం ఎక్కొద్దన్నారు. వారానికి మూడుసార్లు అమలాపురంలో నాలుగేసి గంటలు మిషను పక్కన మంచం. ఆ చెయ్యి కదపకూడదు. కుడిచేతి బొటనవేలొక్కదానితో, ఫోనులో, అరవై ఒక్క భాగాలు రాసింది. పింఛను దరఖాస్తు కోసం సెంటరుకి వచ్చినప్పుడు, స్టెల్లా ఫోనులో కావేరి కథ చూసి, "నేనూ రాస్తానండి" అని సిగ్గుపడుతూ చెప్పింది. అలా పరిచయం. మిషను మీద రాసినవి దిగాక గుర్తుండవని కూడా చెప్పింది.

ఆ కథని పదకొండు మంది చదివారు. అందులో స్టెల్లా ఒకర్తి.

క్రితం వారం తులసి ఒక మెసేజి పెట్టింది. "ఇంక ఓపిక లేదక్కా. ఎవరూ చదవనిది ఎవరికోసం రాయడం, ఆపేస్తాను." అది చూసిన దగ్గర్నుంచీ స్టెల్లాకి అన్నం సయించలేదు. ఇన్నాళ్ళూ దాచుకున్న మూడో భాగంలోని వాక్యాన్ని తీసింది. దీనికి జనం పడిపోవాలి. పడిపోయి, ఎవరిదో వెతుక్కుంటూ వెళ్ళి తులసి గుమ్మంలో నిలబడాలి.

బస్సెక్కేసరికి కామెంట్లు మొదలయ్యాయి. 'ఇదేం లైనండి, టఫ్‌గా ఉంది.' 'ఫేమస్ రైటర్స్‌వి పెట్టండి అడ్మిన్‌గారూ.' 'వెన్నెలధార కాదంటే ఇంకెవరు? మీ ఆటే తప్పు.' స్టెల్లా కళ్ళజోడు పైకి తోసుకుని, పళ్ళు నూరుకుంది. ఎప్పుడూ మౌసు పట్టుకునే కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయి, ఆమె నిలబడితే ఒకపక్కకి ఒరిగినట్టుంటుంది. కోపం వస్తే ఇంకాస్త ఒరుగుతుంది.

సెంటర్లో పోలిరాజుగారు అప్పటికే కూర్చునున్నారు. వీధి డ్రైనేజీ మీద ఆయనది నెలకో అర్జీ.

"కింద నా పేరు పెద్దక్షరాల్లో వెయ్యండమ్మా. కనపడాలి."

"ఆయ్. వేస్తానండి."

వేసింది. ఇరవై నాలుగేళ్ళలో ఎన్ని అర్జీలు, ఎన్ని శుభలేఖలు, ఎన్ని సంతాప కరపత్రాలు టైపు చేసిందో. ఏ ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఉండక్కర్లేదని చాలాకాలం అనుకుంది. ఇప్పుడలా అనుకోవడం లేదు.

తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. తులసి మెసేజి.

"అక్కా, మిషనెక్కేను. ఇవాళ్టిది ఎవరిదక్కా? వెన్నెలధార అన్నాను, కాదంది. నాలుగు పోయేయి, ఇంకొకటే ఉంది. ఎవరోగానీ చాలా బాగా రాసేరు. ఇలాంటిదే ఎప్పుడో నేనూ రాయాలనుకున్నాను."

స్టెల్లా రెండుసార్లు చదివింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, వెంటనే కోపమొచ్చింది. పిచ్చి మొహమా, నీదేనే! నలుగురు పెద్దవాళ్ళ పేర్లూ తోచాయిగానీ నీ పేరు నీకు తోచలేదా? టైపు చెయ్యబోయి ఆగింది. ఇప్పుడు చెప్పేస్తే ఏముంది. రేపు ఆరింటికి, రెండువేల మంది ముందు, తన పేరు తను చూసుకోవాలి. అప్పుడు చూడాలి దాని మొహం.

"జవాబు రేపు ఆరింటికి" అని పెట్టింది. పక్కన ఒక నవ్వుమొహం.

"మీరు మహా గట్టివారండి" అని వచ్చింది తులసి నుంచి.

"స్టెల్లాగారూ, ఆ ఫోను పక్కన పెడతారా? జనం నిలబడున్నారు" అన్నారు సెంటరు యజమాని రమణగారు. పెట్టింది.

రెండు గంటలకి టిఫిను బాక్సు విప్పి, ఆట లెక్క తెరిచింది. రెండువేల నూట నలభై మంది ఆడారు. సరైన జవాబు ఒక్కటీ లేదు. ఆ కథ చదివిన తక్కిన పదిమంది కూడా, ఆడి ఉంటే, గుర్తుపట్టలేదు. కామెంట్లు నాలుగొందలు దాటాయి. కొత్తగా వచ్చినవాటిలో ఒకావిడ రాసింది: 'ఎవరికీ తెలీని చెత్త తెచ్చి పెడితే ఎవరు ఆడతారు? టైం వేస్టు.'

చెత్తా? ముద్ద బాక్సులోనే వదిలేసింది. మాస్టారికి దణ్ణం, ఆయన నియమానికీ దణ్ణం. వెతుక్కుంటే చదువుతారట. వీళ్ళు వెతికే రకమా? ఎంగిలి చేత్తోనే టైపు చేసింది.

"ఆ చెత్త రాసినావిడ పేరు నల్లంచు. ఒక చెయ్యి సూదికి ఇచ్చేసి, రెండో చేతి వేలితో అరవై ఒక్క భాగాలు రాసింది. రోజూ కావేరి కావేరి అని ఏడుస్తారే, మీరెవరూ కావేరి తిందా అని అడగలేదు, ఆవిడ అడిగింది. లింకు కింద ఉంది. చదివి మాట్లాడండి. చదవకపోతే రేపట్నుంచి నా ఆటకి రావద్దు."

జనం తిట్టించుకుంటే బాగా వింటారు. మూడింటికి కథకి రెండొందల మంది. నాలుగున్నరకి తొమ్మిదొందలు. ఒకావిడ ముప్ఫై భాగాలు ఏకబిగిన చదివి, ఆఫీసు బాత్రూములో ఏడ్చానని రాసింది. చెత్త అన్నావిడ క్షమించమంది. స్టెల్లా తులసికి ఫోను చేసింది, ఎత్తలేదు. మిషను దిగాక నిద్రపోతుంది, మామూలే. మెసేజి పెడితే సరిపోదనిపించింది. పక్కన కూర్చుని ఒక్కోటీ చదివి వినిపించాలి. రమణగారు ఏమన్నా అననీ అని ఐదింటికే లేచి, బండారులంక ఆటో ఎక్కింది. దారిపొడుగునా అంకె పెరుగుతూనే ఉంది.

ఇంటి ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చునున్నారు. తులసి భర్త బాపిరాజు తడితువ్వాలు భుజాన వేసుకుని లోపల్నించి వచ్చాడు. జుట్టింకా ఆరలేదు.

"ఎవరండీ?"

"సెంటర్నించండి. పింఛను కాయితం నేనే టైపు చేసేను. తులసిగారు..."

"మిషను మీద ఉండగానే బీపీ పడిపోయిందండి. పదకొండున్నరకి. ఇందాకే అన్నీ అయిపోయేయి."

పదకొండున్నర. తొమ్మిదిన్నరకి అడిగింది. రెండు గంటలు స్టెల్లా చేతిలో జవాబు పట్టుకుని కూర్చుంది. ఛానలువాళ్ళ మీద, యాప్ మీద, రెండువేల మంది మీద ఇన్నాళ్ళూ దాచుకున్న కోపం అంతా తిరిగి తన మీదికే వచ్చింది. ఒక్క మాట. నీదే అని ఒక్క మాట. దానికి మర్నాడు ఆరు కావాలా?

బాపిరాజు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"కూర్చోండమ్మా. ఒక మాట అడగనాండి? దాని ఫోను మధ్యాన్నం నుంచి ఒకటే మోతండి. తాళం ఏదో పెట్టుకుంది, మాకు తియ్యడం రాదు. అది పోయిందని ఇంతమందికి ఎలా తెలిసిందాని చూస్తన్నాం. ఎవరండీ వీళ్ళంతా?"

"పోయిన సంగతి తెలీదండి వాళ్ళకి. ఆవిడ రాసిన కథ చదువుతున్నారు."

"కథా?" అన్నాడు బాపిరాజు. "తులసా?"

స్టెల్లా తలూపింది. అతను వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు. ఆమె కూడా చూసింది. నేత లేని మగ్గం చెక్క మీద, పసుపు మరక అంటిన ఫోను మళ్ళీ వెలిగి, గుర్రుమని, కాస్త పక్కకి జరిగింది.