వేళ కాని కూత

రాయమల్లు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, రాత్రి పెట్టిన తలుపు గడియ ఒకసారి లాగి చూశాడు. సరిగ్గానే పడింది. అయినా మళ్ళీ లాగి చూశాడు. రోజూ చేసే పనే. మద్రాసులో తన ఇంట్లో ఉన్నా అంతే, మందమర్రి బొగ్గుగని కాలనీ చివర తల్లి చంద్రవ్వ ఉంటున్న ఈ పెంకుటింటికి వచ్చినా అంతే. ముప్పై ఏళ్ళకే బట్టతల, పొట్టి మెడ, ఎప్పుడూ చెమట పట్టే అరచేతులు, వాటిని తుడుచుకోవడానికి ఒక జేబురుమాలు. చూసినవాళ్ళు ఏ పోస్టాఫీసు గుమాస్తానో అనుకుంటారు. ఎత్తంటే ఆయనకు భయం, లోతంటే భయం, గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటే భయం. రాష్ట్రమంతా జనాన్ని భయపెట్టే సినిమాలు తీసే మనిషికి ఇన్ని భయాలున్నాయంటే ఎవరూ నమ్మరు గనక, ఆయన ఎవరికీ చెప్పలేదు.

చంద్రవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే గని సంగతి అడిగింది; అక్కడ గనిని బాయి అంటారు.

“ఇయ్యాల బాయిల దిగుతవా కొడుకా?”

“దిగుత. జరసేపే.”

“దిగకుంటె నడువదా?”

“నడువదవ్వా. లోపట గూడ తియ్యాలె గదా. ఫికర్ జెయ్యకు.”

ఆమె కట్టె ఒకటి పొయ్యిలోకి ఎగదోసింది. కొడుకు గడప దాటి, సందు మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చుంది.

రాయమల్లు అప్పటికి ఏడు సినిమాలు తీశాడు. రెండోది జమ్మికుంటలో ఆడినప్పుడు, పత్తి మార్కెట్టు హమాలీలు పొద్దుగూకాక బస్తాల వరసల మధ్యకు ఒంటరిగా పోవడం మానేశారట. ఎవరైనా ఆ మాట చెబితే ఆయన సిగ్గుపడేవాడు. సిగ్గుపడుతూనే మళ్ళీ ఒకసారి చెప్పించుకునేవాడు. ఆయన సినిమాల్లో దయ్యం కనపడదు, కత్తి కనపడదు. కొందరు మనుషులు ఒకచోట నిలబడి దేనికోసమో ఎదురుచూస్తుంటారు. ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఆఖరికి ఒకరు మిగులుతారు. చూసేవాళ్ళకు చేతులు చల్లబడతాయి. పత్రికలు దీన్ని గొప్ప ఎత్తుగడ అని మెచ్చుకున్నాయి. కొత్త దర్శకులు దాన్నే పట్టుకుని సినిమాలు తీశారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే రాయమల్లు “ఊరికే తోచింది” అనేవాడు.

తోచలేదు. చూశాడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, ఒక మధ్యాహ్నం గని సైరన్ వేళ కాని వేళ మోగింది. అలా మోగిందంటే లోపల కప్పు కూలిందని అర్థం. ఆడవాళ్ళందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే గని దగ్గరికి పరిగెత్తారు. ఆ ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. తన మగవాడు ప్రాణాలతో పైకొస్తే భార్య ఏడవకూడదు, నవ్వకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. కొంగు నెత్తిన కప్పుకుని చప్పుడు చెయ్యకుండా ఇంటిదారి పట్టాలి. ఇంకా నిలబడి ఉన్న ఆడవాళ్ళ కళ్ళ ముందు సంతోషం చూపించడం తప్పని. అప్పటికి చిన్నపిల్లవాడైన రాయమల్లు తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే ఉన్న దోస్తు మొండయ్యను వాళ్ళమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోయింది; మొండయ్య బాపు, అంటే తండ్రి, పైకొచ్చాడు. అలా ఒక్కొక్కరే తలొంచుకుని వెళ్ళిపోయారు. చివరికి చంద్రవ్వ ఒక్కతే మిగిలింది. రాయమల్లు తండ్రి సిద్దిరాములును పొద్దుగుంకే వేళకు దుప్పట్లో తెచ్చారు.

ఆ తర్వాత రాయమల్లు గని వైపు పోలేదు. భైంసాలో డేరా టాకీసులో రీళ్ళు చుట్టాడు, మద్రాసు పోయి స్టూడియోల్లో దీపాలు మోశాడు, ఒకాయన దగ్గర సహాయకుడిగా చేరి చివరికి తనే దర్శకుడయ్యాడు. తల్లికి ఒక్క సినిమా చూపించగలిగాడు. సగంలో, జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయే చోట, చంద్రవ్వ లేచి నిలబడింది. “గిదంత నాకెందుకు సూపెడుతున్నవురా? నేను సూసిందే గదా,” అని బయటికి వచ్చేసింది. ఆయన సినిమాలన్నిటినీ అర్థం చేసుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఇప్పుడు ఎనిమిదోది, గని కథ. ఆ దృశ్యాన్ని దాని సొంత చోట తీయాలని వచ్చాడు. గని మేనేజరు ఒప్పుకున్నాడు, కాలనీ ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. రెండు రోజులు ప్రయత్నించాడు. వాళ్ళు తలకు నూనె రాసుకుని, పెళ్ళి చీరలు కట్టుకుని వచ్చారు. భయపడండమ్మా అంటే కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు. రాయమల్లుకు నిద్ర పట్టలేదు. ఇది దొరక్కపోతే ఇన్నేళ్ళూ తీసినవన్నీ ఉత్త నకళ్ళే అనిపించింది.

గని దగ్గరికి చేరగానే కెమెరాతో లోపలికి దిగాలనుకున్నాడు. కిందికి దింపే ఇనుప బోనులో ఒక కాలు పెట్టాడు. కింది నుంచి చల్లటి, మట్టివాసన గాలి పైకి తన్నింది. రెండో కాలు లేవలేదు. “లోపలివి తర్వాత చూద్దాం,” అని కాలు వెనక్కి తీసుకుని, చేతులు తుడుచుకున్నాడు. దిగలేదని అవ్వకు కబురు పెడదామనుకున్నాడు. ఇంతలో పని మీద పడింది, మరిచిపోయాడు.

సైరన్ గది మొండయ్యదే. ఆవిరి గొట్టానికి వేలాడే గొలుసు లాగడం అతని నౌకరి. వేళ కాని వేళ ఒకసారి మోగించమని రాయమల్లు అడిగితే తల అడ్డంగా ఊపాడు.

“నాతోని గాదు రాయమల్లూ. యాళ గాని యాళ సైరన్ మోగితే ఆడోళ్ల పానాలుంటయా?”

“ఒక్కపారి. అందరు రాంగనే ఏం గాలేదని మైకుల నేనే చెప్త. షిఫ్టు దిగే ముంగట గుంజితె మొగోళ్లు గూడ అప్పుడే పైకొస్తరు.”

“మేనేజరు దొరకు ఎరుకైతె నా నౌకరి పోతది.”

రాయమల్లు గొలుసు వైపు చూశాడు. తర్వాత అనకూడని మాట అన్నాడు.

“ఆ దినం మీ బాపు పైకొచ్చిండు, మొండయ్యా.”

మొండయ్య ముఖం పాలిపోయింది. చిన్నప్పటి నుంచీ అతను ఆ సంగతికి రాయమల్లు ముందు తలెత్తలేకపోయేవాడు. “నువ్వు గా మాటంటవనుకోలె,” అన్నాడు. గొలుసు మీద చెయ్యి వేసి, “ఎప్పుడు గుంజాలె?” అని అడిగాడు.

సినిమాలో భయపెట్టడం వేరు, చిన్ననాటి దోస్తును ఇలా కట్టిపడెయ్యడం వేరు. రాయమల్లుకు ఆ తేడా తెలుసు. తెలిసే అన్నాడు.

మధ్యాహ్నం, గేటుకు ఎదురుగా ఉన్న ఇంజన్ గది కప్పు మీద కెమెరా పెట్టించి, పక్కనే బోర్లా పడుకున్నాడు. నిలబడితే కళ్ళు తిరుగుతాయి. మోచేతి దగ్గర మైకు ఉంది. మొండయ్య వైపు రుమాలు ఊపాడు. సైరన్ మోగింది.

మొదటి కూతకే ఆయన రెండు చేతులతో కప్పు అంచు పట్టుకున్నాడు. తనే మోగించమన్నాడు, ఏమీ కాలేదని తనకు తెలుసు, అయినా పట్టు వదల్లేదు. కాలనీ సందుల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. ఈసారి పెళ్ళి చీరలు లేవు. పిండి చేతులతో, తడి జుట్టుతో, పాలు తాగుతున్న బిడ్డను అలాగే పట్టుకుని, చెప్పుల్లేకుండా వచ్చారు. గేటు దగ్గర ఒకరినొకరు తోసుకోకుండా ఆగిపోయి, గని నోటి వైపు చూస్తూ నిలబడ్డారు. రాయమల్లు మైకు అందుకోబోయి, ఆ ముఖాలు చూసి ఆగాడు. అందరూ రానీ అనుకున్నాడు.

బోను పైకి వచ్చింది. మగవాళ్ళు దిగి, ఈ గుంపేమిటో తెలియక బిత్తరపోయారు. ఒకామె కొంగు నెత్తిన కప్పుకుని వెనుదిరిగింది. తర్వాత ఇంకొకామె. బోను దిగింది, మళ్ళీ వచ్చింది. గుంపు పలచబడింది. అప్పుడు గేటుకు ఆనుకుని పాతిన రాయి పక్కన చంద్రవ్వ కనిపించింది. చేతిలో ఇత్తడి చెంబు ఉంది. పైకొచ్చినవాడు కళ్ళలో పడ్డ బొగ్గు నుసి కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చింది. పరుగులో సగం ఒలికి చీర తడిసింది.

రాయమల్లు మోచేతి మీద లేచాడు. ఆమె ఎవరి కోసం వచ్చిందో తెలియడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘అవ్వా, నేనీడున్న’ అని మైకులో ఒక్క మాట అంటే చాలు.

“సార్, ఆ ముసలావిడని చూశారా?” కెమెరామెన్ కన్ను తీయకుండా గుసగుసగా అన్నాడు. “అబ్బ, ఆ ముఖం. ఆపమంటారా?”

ఏ నటీ ఇవ్వలేని భయం అది. ఇన్నేళ్ళుగా ఆయన వెతికింది ఆ ముఖాన్నే. మైకు మీద చెయ్యి వేశాడు. ఎత్తలేదు.

“ఇంకొంచెంసేపు,” అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. ఒకామె భర్త వచ్చాడు. ఆమె చంద్రవ్వ వైపు చూడలేక నేల చూస్తూ వెళ్ళిపోయింది. ఆఖరి బోనులోంచి ముగ్గురు దిగారు. వాళ్ళలో రాయమల్లు లేడు. చంద్రవ్వ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆఖరి బోనులోనూ రాలేదంటే ఏమిటో ఆమెకు ఇదివరకే తెలుసు. చెంబు జాగ్రత్తగా కింద పెట్టింది. గేటు రాయికి వీపు ఆనించి, మెల్లగా జారి కూర్చుంది.

“రీలు అయిపోయింది సార్,” అన్నాడు కెమెరామెన్.

రాయమల్లు నిచ్చెన ఎలా దిగాడో ఆయనకే తెలియదు. పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. “అవ్వా, నేను దిగలే. భయమై దిగనే లే. ఇటు సూడవ్వా.” చంద్రవ్వ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, రెప్ప పడకుండా, గని నోటి వైపు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన ఆ చేతిని తన ముఖానికి అదుముకున్నాడు, ఊపాడు, మళ్ళీ మళ్ళీ పిలిచాడు.

మొండయ్య వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసేశాడు.

“నువ్వు దిగలేదని ఆమెకు ఎవలన్న చెప్పిన్రా?” అని అడిగాడు.

రాయమల్లు తల అడ్డంగా ఊపాడు. తర్వాతి షిఫ్టు వాళ్ళు నలుగురు నులకమంచం తెచ్చి ఆమెను పడుకోబెట్టి, కాలనీ వైపు మోసుకుపోయారు. ఆయన మంచం కోడు పట్టుకుని నడిచాడు. కప్పు మీద కెమెరామెన్, ఏం చెయ్యాలో తెలియక, అలాగే నిలబడ్డాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. రాయి పక్కన ఇత్తడి చెంబు ఉంది, అందులో సగానికి నీళ్ళు, నీళ్ళ మీద మెల్లగా పేరుకుంటున్న బొగ్గు నుసి.